కిటికీ రెక్కల మీద రెఫరెండం

ఆ శనివారం పొద్దున్న కాస్పర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. నిచ్చెన తీయాలి. ఇంటి కిటికీ రెక్కలకు పెచ్చులూడుతున్న పాత రంగు గీకేసి, వీలైతే సాయంత్రానికల్లా మొదటి పూత వేసెయ్యాలి. ఆ తర్వాత గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని తన పనితనం తానే చూసి మురిసిపోవాలి. పద్నాలుగేళ్లుగా ఎషెన్‌బాల్మ్ పంచాయతీకి అధ్యక్షుడిగా ఉన్న మనిషి, ఇంతమాత్రం పనికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదనే ధీమాతో ఉన్నాడు.

ఉర్సీనా రొట్టె కోస్తూ కిటికీలోంచి బయట పెట్టిన రంగు డబ్బా వైపు చూసింది.

"ఏ రంగు తెచ్చావు?"

"ఏ రంగేమిటి, ఎప్పుడూ వేసేదే. ఆకుపచ్చ."

"ఈసారి నీలం వేద్దాం."

కాస్పర్ చేతిలోని వెన్న కత్తి ఆగిపోయింది. "నీలమా?"

"నీలమే. పొద్దున్న లేచి రెక్కలు తీస్తే ఆకుపచ్చ, పొద్దుపోయి మూస్తే ఆకుపచ్చ. బయటికి చూస్తే గడ్డి ఆకుపచ్చ, కొండ ఆకుపచ్చ. నలభై ఏళ్లుగా చూసి చూసి నా కళ్లు ఆవు కళ్లయిపోయాయి. ఈ ఇంట్లో నాకిది కావాలని నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి."

ఆ చివరి మాట దగ్గర మొగుడన్నవాడు ఆగాలి. కాస్పర్ ఆగలేదు. సభలు నడిపి నడిపి ఆయన చెవులకు పాడలవాటు పట్టింది: ఎవరైనా ఏదైనా అడిగితే అందులో ప్రతిపాదన వినిపిస్తుంది గానీ మనిషి వినిపించడు. "సరే, ఓటింగ్ పెడదాం," అన్నాడు.

ఆ ఇంట్లో అది వింతేమీ కాదు. పిల్లలున్న రోజుల్లో ఆదివారం ఏ కొండెక్కాలో, కుక్కకు ఏం పేరు పెట్టాలో, అన్నీ బల్లచుట్టూ చేతులెత్తే తేల్చుకునేవారు. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి చెరో ఊరికి వెళ్లాక ఇంట్లో ఓటర్లు ఇద్దరే మిగిలారన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. నీలానికి ఉర్సీనా చెయ్యెత్తింది. ఆకుపచ్చకు కాస్పర్ ఎత్తాడు.

"సమానం. సమానమైతే పాతదే నిలుస్తుంది," అన్నాడాయన రొట్టెకు వెన్న రాసుకుంటూ.

"అని ఎవరన్నారు?"

"పద్ధతి అంది. అయినా మనిద్దరం అనుకుంటే సరిపోతుందా? చర్చి కూడలి ఇళ్లకు ఆకుపచ్చే ఉండాలని ఊరి నిబంధన. నచ్చకపోతే మార్పించుకో. నలభై సంతకాలు తెస్తే ఏ ప్రశ్నయినా ఊరి ముందు పెట్టొచ్చు. ఎవరు కాదన్నారు?"

చందమామ కావాలని ఏడ్చే పిల్లాడికి నిచ్చెన వేసుకుని కోసుకో అని చెప్పినంత తేలిగ్గా అన్నాడా మాట. ఉర్సీనా చేతులు తుడుచుకుంది, ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది, కలం తీసుకుని బయటికి నడిచింది. గోటితో పోయేదానికి గొడ్డలి అందించినవాడు కాస్పరేనని తర్వాత ఊరంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ ఊళ్లో ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి బహుశా అదొక్కటే.

నలభై సంతకాలంటే వేరే చోట ఎంత కష్టమో తెలియదు గానీ ఎషెన్‌బాల్మ్‌లో అది నలభై గుమ్మాల పని. ఇక్కడివాళ్లకు సంతకం పెట్టడమంటే ఒప్పుకోవడం కాదు, అడగనివ్వడం. తమ కొండదారుల్లో మోటారు కారు కనిపించడానికి వీల్లేదని పాతికేళ్లపాటు మళ్లీ మళ్లీ ఓటేసి, చివరికి విసుగెత్తి సరేనన్న తాతల మనవలు వీళ్లు. దేశంలో అందరికీ సెలవులు పెంచుదామా అని అడిగితే వద్దుగాక వద్దు, పనులెవరు చేస్తారని ఓటేసిన జనం. అడిగితే వద్దంటారు. అడక్కపోతే మమ్మల్నెందుకు అడగలేదని మీదికొస్తారు.

పక్కింటి మెంగా అత్త తొంభైకి దగ్గర పడింది. కళ్లద్దాల కోసం కూడా వెతుక్కోకుండా సంతకం పెట్టేసింది.

"నీలానికి ఒప్పుకున్నట్టేనా అత్తా?" అంది ఉర్సీనా.

"రంగు సంగతి తర్వాత చూద్దాం. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అని దేశమంతా మగాళ్లనడిగారు చూడూ, మొదటిసారి. మా ఆయన వెళ్లి వద్దని వేసొచ్చి, బల్ల దగ్గర కూర్చుని బార్లీ సూపు పెట్టమన్నాడు. ఈ వీధి మగాళ్లందర్నీ పిలిచి సూపు పెట్టాలా వద్దా అని ఓటింగ్ పెట్టించుకో అన్నాను. రెండోసారి అడిగినప్పుడు బుద్ధిగా అవునని వేసొచ్చాడు. అందుకని ఎవరేది అడిగినా సంతకం పెడతానే. అడగడం మంచిది."

అసలు విడ్డూరం ప్లాసీ మాస్టారి గుమ్మం దగ్గర జరిగింది. బడినుంచి రిటైరైన మాస్టారు ఊరి చరిత్ర మీద పుస్తకం రాశాడు. ఆ పుస్తకం అట్ట కూడా ఆకుపచ్చే. కిటికీ రెక్కల ఆకుపచ్చ మా పూర్వీకుల ఆత్మ అని అందులో ఒక అధ్యాయమే ఉంది. ఉర్సీనా మొహమాటంగా దాటిపోబోతుంటే ఆయనే పిలిచి కలం అడిగాడు.

"మీరు నీలానికి సంతకం పెడతారా మాస్టారూ?"

"నీలానికెందుకు పెడతానమ్మా? దానికి వ్యతిరేకంగా ఓటెయ్యాలంటే ముందు ఓటింగంటూ ఉండాలి కదా. ఇలా ఇయ్యి."

మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిదయ్యాయి. మిగిలినవాళ్లు పచ్చిక బయళ్ల మీద కంచెలు బాగుచేయడానికి వెళ్లారు. ఉర్సీనా తిన్నగా ఇంటికొచ్చి నిచ్చెన కింద నిలబడింది.

"ఒక్కటి తక్కువైంది."

"సాయంత్రం ఎవరైనా తిరిగొస్తారులే," అన్నాడు కాస్పర్ పైనుంచి.

"నువ్వు ఊరివాడివి కాదా?"

"నేను ఆకుపచ్చనే."

"మాస్టారూ ఆకుపచ్చే, పెట్టాడు. ప్రజల్ని అడగొద్దని నువ్వంటున్నావా కాస్పర్? అధ్యక్షుడివై ఉండి?"

కాస్పర్ నిచ్చెన దిగాడు. పద్నాలుగేళ్లుగా ప్రతి సభలోనూ ప్రజల్ని అడుగుదాం, ప్రజల్ని అడుగుదాం అని గొంతు పోయేలా చెప్పినవాడు, ఇప్పుడు పెళ్లాం అడిగేసరికి ఏ మొహంతో కాదంటాడు? పెట్టాడు. తన మీదికి తానే తెచ్చుకున్న రెఫరెండానికి నలభయ్యో సంతకం తానే పెట్టిన అధ్యక్షుడు ఆ లోయలో అంతకుముందు లేడు. ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. "ఇక ఊరి సభలో ఓటింగ్ అయ్యేదాకా నాతో ఈ రంగు సంగతి ఎత్తకు. నేను తటస్థంగా ఉండాలి," అని పెళ్లానికి షరతు పెట్టాడు. ఉర్సీనా సరేనంది. ఆ ఇంట్లో మాట అంటే మాటే.

చిలికి చిలికి గాలివాన అవడం ఆ సోమవారమే మొదలైంది. ఉర్సీనా ఇల్లిల్లూ తిరిగి తన ప్రశ్న వివరిస్తోంది కాబట్టి మధ్యాహ్నం కాస్పర్ సత్రంలో భోంచేశాడు. మెంగా అత్త కిటికీలోంచి చూసి, "వాళ్లింట్లో పొయ్యి వెలగట్లేదు," అంది. మర్నాడు ఎండ కాస్తే ఉర్సీనా రెండు దుప్పట్లనూ వసారా కమ్మీ మీద ఆరేసింది, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. "పక్కలు వేరయ్యాయి," అన్నారు రొట్టెల దుకాణంలో. గురువారం ఆమె నీలంలో ఏ నీలం బాగుంటుందో చూడటానికి చేతిసంచీతో పట్నంలో ఉన్న చెల్లెలింటికి బస్సెక్కింది. ఇంకేముంది, బస్సు మలుపు తిరిగేలోపల కాపురం కూలిపోయింది.

కాస్పర్ ఆ సాయంత్రం గుమ్మం గుమ్మానికీ వెళ్లి, మాకేం గొడవలు లేవు, మేం బాగానే ఉన్నాం అని చెప్పాడు. బాగానే ఉన్నవాళ్లు ఆ మాట చెప్పడానికి ఇల్లిల్లూ తిరగరు కదా. అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా అప్పుడు నమ్మారు. ఆడవాళ్లు ఆయన చెయ్యి పట్టుకుని ఓదార్చారు. ఒకాయన తనకు తెలిసిన లాయరు పేరు చెప్పాడు.

శుక్రవారం పొద్దున్నే పంచాయతీ ఆఫీసులో గుమాస్తా సెరైనా ముందు నిలబడ్డాడు. పంచాయతీని నిజంగా నడిపేది సెరైనాయే. అధ్యక్షుడు సంతకాలు పెడతాడు.

"ఒక నోటీసు పెట్టించమ్మా. అధ్యక్షుడి కాపురం గురించి వచ్చే పుకార్లు నిరాధారమని."

"వద్దు కాస్పర్ గారూ. మనం ఖండించామంటే ఊరు నిజమనుకుంటుంది."

"పారదర్శకంగా ఉండాలి."

"కాపురంలో అక్కర్లేదండీ."

ఆయన వినలేదు. ఆఫీసు బయటి అద్దాల నోటీసుబోర్డులో, కుక్కల లైసెన్సు ప్రకటనకూ నీళ్ల సరఫరా ప్రకటనకూ నడుమ నోటీసు వెలిసింది: పంచాయతీ అధ్యక్షుడి గృహ పరిస్థితులు సక్రమంగా ఉన్నవి. దాన్ని చూడటానికి పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. పట్నం పత్రిక నుంచి ఒక కుర్ర విలేకరి వచ్చి నిచ్చెన మీద కాస్పర్ ఫోటో తీసుకున్నాడు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో కింద, 'అధ్యక్షుడిపై భార్య రెఫరెండం' అని ఉంది.

అక్కణ్ణుంచి కిటికీ రెక్కల్ని పట్టించుకున్నవాడు లేడు. చెత్త సంచుల ధర పెంచినందుకు కాస్పర్ మీద కోపమున్నవాళ్లు నీలం వైపు చేరారు. చలికాలంలో తమ సందులో మంచు తీయించలేదని అలిగినవాళ్లూ నీలమే. చర్చి పాటల బృందంలో ఉర్సీనా గొంతు పడనివాళ్లు ఆకుపచ్చ అయ్యారు. ప్లాసీ మాస్టారు 'మన ఆకుపచ్చ, మన ఆత్మ' అని కమిటీ పెట్టి గోడలమీద కాగితాలంటించాడు. ఎదురు కాగితాలు ఎవరంటించారో తెలియదు గానీ వాటిమీద 'మార్పు కావాలి' అని మాత్రమే ఉంది, రంగు ఊసే లేదు. ఆవులకు నీలం రిబ్బన్లు కట్టి తోలుకెళ్లాడొకడు.

"వీళ్లకి ప్రశ్న అర్థం కాలేదా?" అన్నాడు కాస్పర్ తల పట్టుకుని.

సెరైనా కాగితాల మీంచి తలెత్తింది. "అర్థమైందండీ. ఓటరు ప్రశ్నకు జవాబు చెప్పడు, అడిగినవాడికి చెబుతాడు. ఈసారి అడిగింది మీ ఆవిడ, అడిగించుకుంది మీరు. ఇంకో మాట. మామూలుగా మీరు ఓటెయ్యరు కదా. చేతులు సమానంగా లేస్తే మాత్రం నిర్ణయం మీదే. కాస్త ఆలోచించుకుని రండి."

కాస్పర్ ఆలోచించుకోవడం మొదలుపెట్టాడు. అసలు తంటా అక్కడే వచ్చింది. నెలరోజులుగా ఆయన చెవిలో పోస్టర్లు, పుకార్లు, విలేకరి కూతలే ఉన్నాయి. అవన్నీ పక్కకు తోసేస్తే అడుగున మిగిలిన మాట ఒక్కటే: ఈ ఇంట్లో నాకిది కావాలని అడగడం ఇదే మొదటిసారి. నలభై ఏళ్లలో ఆమె అడిగింది ఒక డబ్బా నీలం రంగు. దానికి తాను ఓటింగ్ పెట్టాడు. ఆ సంగతి మింగుడుపడక ఆయనకు నిద్ర కరువైంది. ఆమెకు చెప్పుకుందామంటే రంగు ఊసెత్తొద్దని షరతు పెట్టిందీ తానే. బల్లకు చెరోవైపు కూర్చుని ఇద్దరూ వాన గురించి, జున్ను ధర గురించి ఎంతో మర్యాదగా మాట్లాడుకునేవారు. అంత మర్యాద వాళ్లిద్దరి నడుమ మొదట పరిచయమైన రోజున కూడా లేదు.

మే నెల చివర సభ. బడి వ్యాయామశాలలో కుర్చీలు చాలక కసరత్తు బల్లలు కూడా వేశారు. బడ్జెట్ సభకు ముప్పై మంది రావడమే గొప్ప. ఇవాళ గోడలవెంట నిలబడ్డవాళ్లే అంతమంది ఉన్నారు. వెనక బల్లమీద వాల్‌నట్ కేకు ముక్కలు, వైన్ సీసాలు సిద్ధంగా ఉన్నాయి. ఎవరు గెలిచినా ఓడినా చివర్లో అందరూ కలిసి అవి తిని తాగి వెళ్లాలి. కాస్పర్ వేదికమీద కూర్చుని నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. ఉర్సీనా రెండో వరసలో మెంగా అత్త పక్కన కూర్చుంది. ఆమె వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాడు. చూస్తే తటస్థత నిలవదు.

"ప్రతిపాదన ఇది," అన్నాడు గొంతు సవరించుకుని. "చర్చి కూడలి ఇళ్లవాళ్లు తమ కిటికీ రెక్కలకు తమకు నచ్చిన రంగు వేసుకోవచ్చా. మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడండి."

వెనకనుంచి ఒకడు లేచాడు. "చెత్త సంచీ ధర ఎప్పుడు తగ్గిస్తారు?"

"అది ఈ అంశం కాదు."

"నాకు అదే అంశం," అని కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి.

ప్లాసీ మాస్టారు కాగితాలు తీశాడు. పూర్వీకులు, కొండలు, ఆత్మ అన్నీ దాటి ఆయన మూడో పేజీకి వచ్చేసరికి మెంగా అత్త కర్రతో నేలను తట్టింది.

"మాస్టారూ, మా అమ్మమ్మ చెప్పేది వింటావా? ఆకుపచ్చ మొదట వేసినప్పుడు ఊరు ఊరంతా ఛీ అన్నారట. రంగుల దుకాణంవాడి దగ్గర అమ్ముడుపోని డబ్బాలు మిగిలిపోతే చవగ్గా అంటగట్టాడు. వాడి దగ్గర ఆ రోజు గులాబీరంగు మిగిలి ఉంటే ఇవాళ నీ పుస్తకానికి గులాబీ అట్ట ఉండేది."

హాలు గొల్లున నవ్వింది. మాస్టారు మొహం ఎర్రబడింది గానీ మనిషి తక్కువవాడు కాదు. "సరే, సవరణ ప్రతిపాదిస్తున్నా. ఏ రంగైనా వేసుకోండి, కానీ ఒక ఇంటికి ఒకే రంగు. ముందొకటి వెనకొకటి వేసి ఊరిని సర్కస్ చెయ్యడానికి వీల్లేదు. చేస్తే పంచాయతీ నోటీసు పంపాలి." ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. సవరణ అలవోకగా నెగ్గింది.

ఇక చర్చ ఆపుదామని ఒకరన్నారు. ఆపాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. రహస్యంగా చీటీలమీద వేద్దామని ఇంకొకరన్నారు. రహస్యంగా వేయాలా వద్దా అని బహిరంగంగా ఓటేశారు. బహిరంగమే నెగ్గింది. ఊళ్లో ఎవడు ఏ వైపో చూసే అవకాశాన్ని వదులుకునేంత త్యాగబుద్ధి ఎవరికీ లేదు.

"మార్పు కావాలన్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. లెక్కపెట్టేవాళ్లు వరసల వెంట నడిచారు. కాస్పర్ గ్లాసులో నీళ్లు చూస్తూ కూర్చున్నాడు.

"వద్దన్నవాళ్లు."

మళ్లీ చేతులు లేచాయి. ఈసారి హాల్లో ఒక గుసగుస మొదలై, రెండో వరస దగ్గర పెద్దదై, గోడలదాకా పాకింది. తనమీదే ఏదో అనుకుంటున్నారని కాస్పర్ తల ఇంకాస్త వంచాడు. మొదటి లెక్కలో ఆకుపచ్చకు డెబ్బై రెండు, నీలానికి డెబ్బై ఒకటి. ఆకుపచ్చ కమిటీ లేచి కౌగిలించుకుంటుండగా మరుగుదొడ్డి తలుపు తెరుచుకుని, ఆవులకు రిబ్బన్లు కట్టినవాడు బయటికొచ్చాడు.

"అయిపోయిందా? నేను వెయ్యలేదే," అన్నాడు ప్యాంటు సర్దుకుంటూ.

చెల్లదని సగంమంది, చెల్లుతుందని సగంమంది లేచి అరుచుకున్నారు. సెరైనా నిబంధన చదివి వినిపించింది. తలుపులు వేయించి, మళ్లీ చేతులెత్తించారు. డెబ్బై రెండు. డెబ్బై రెండు. నూటనలభై నాలుగు జతల కళ్లూ వేదిక మీదికి తిరిగాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆకుపచ్చ అంటే ఊరి నడిబొడ్డున పెళ్లాన్ని ఓడించినవాడవుతాడు. నీలం అంటే పెళ్లానికి దడిసినవాడవుతాడు, పైగా తనను దించాలని చూస్తున్నవాళ్లందరికీ తానే పల్లకీ మోసినట్టు. కాస్పర్ లేచి నిలబడ్డాడు. చిత్రంగా, భయం వెయ్యలేదు. నెలరోజులుగా లోపల దాచుకున్న మాట బయటికి రాబోతోంది.

"నాకు ఆకుపచ్చే ఇష్టం. ఇంట్లో దానికే చెయ్యెత్తాను, ఇవాళ్టికీ అదే ఇష్టం. కానీ మా ఆవిడ నలభై ఏళ్లలో నన్ను ఒక్కటడిగింది. నేను ఓటింగ్ పెట్టాను. పెట్టాల్సింది కాదు. కొన్నిటికి సరే అని లేచి రంగు తేవాలి, అంతే. నా ఓటు మార్పుకి."

హాలు దద్దరిల్లింది. నీలంవాళ్లు గెలిచినందుకు కొడితే, ఆకుపచ్చవాళ్లు మనిషి నచ్చినందుకు కొట్టారు. చెత్త సంచీ ఆయన కూడా కొట్టాడు. మెంగా అత్త కర్ర ఊపుతూ, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీడు రచ్చలో ఓడి ఇంట్లో గెలిచాడర్రా," అంది. అప్పుడు కాస్పర్ ధైర్యం చేసి రెండో వరస వైపు చూశాడు. ఉర్సీనా చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచి ఆయన్నే చూస్తోంది.

ఇంటిదాకా ఆమె ఆయనకంటే నాలుగడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర ఆయనే అడిగాడు.

"ఏమైంది? గెలిచావు కదా."

"ఏం గెలవడం నా మొహం. నేను ఆకుపచ్చకి ఎత్తాను."

సభలో ఆ గుసగుస ఎందుకో కాస్పర్‌కు అప్పుడర్థమైంది. ఊరంతా చూసింది, చూడనిది తానొక్కడే.

"నువ్వా? ఆకుపచ్చకా? ఎందుకు?"

"నీ మొహం చూడలేక. నెలరోజులుగా నిద్ర లేదు నీకు. నాకు కనపడటం లేదనుకున్నావా? నేనడిగింది కిటికీకి రంగు. వాళ్లంతా నీ కుర్చీ లాగెయ్యడానికి నా నీలం పట్టుకుని తిరుగుతుంటే అందులో నేనూ ఒక చెయ్యెత్తనా? చెప్పుకుందామంటే నోరెత్తొద్దని నువ్వే షరతు పెట్టావాయె."

కాస్పర్ వేళ్లమీద లెక్క వేశాడు. "నీ ఓటు నువ్వు వేసుకుని ఉంటే నీలానికి డెబ్బై మూడు. నేను లేవాల్సిన పనే ఉండేది కాదు. ఊరందరి ముందూ అలా..."

"లేచావు కదా," అంది ఉర్సీనా. "అది చాలు నాకు. నలభై ఏళ్లకు సరిపడా విన్నాను. ఇక నువ్వు ఆకుపచ్చే వేసుకో."

"ఏం కాదు. నీలమే."

"నాకొద్దు."

"నీకోసం ఊరందరి ముందూ ఓటేశాను నేను."

"నీకోసం నేనూ వేశాను."

ఇద్దరూ ఒకరినొకరు ఉరిమి చూసుకుని, నవ్వాపుకోలేక నవ్వి, చెరో గ్లాసు వైన్ తాగి పడుకున్నారు. కాస్పర్‌కు ఆ రాత్రి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

మర్నాడు శనివారం. ఉర్సీనా లేవకముందే నీలం పూసేసి ఆమె నోరు మూయించాలని కాస్పర్ దొంగలా లేచాడు. వసారాలో ఆమె పట్నంనుంచి తెచ్చిపెట్టిన నీలం డబ్బా ఉంది. ముందువైపు కిటికీలన్నిటికీ చకచకా నీలం దట్టించాడు. ఎండ కూడలిలోకి దిగేసరికి ముఖం, చొక్కా, మోచేతులు అన్నీ నీలమే. వెనక్కి తగ్గి చూసుకున్నాడు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. తనకిన్నాళ్లూ ఎందుకు నచ్చలేదో ఆయనకే అర్థం కాలేదు. ఆమెను లేపి చూపిద్దామని లోపలికెళితే పక్క ఖాళీగా ఉంది.

పెరటివైపు నుంచి ఏదో చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఉర్సీనా పీట మీద నిలబడి, నెలరోజుల కిందట ఆయన తెచ్చిన డబ్బాలోంచి చివరి కిటికీకి ఆకుపచ్చ పూత ముగిస్తోంది. ముక్కు మీద కూడా ఆకుపచ్చ చుక్క. భర్తను చూసి కుంచె వెనక్కి దాచబోయి, ఆయన నీలం మొహం చూసి ఆగిపోయింది.

"ముందువైపు..." అందామె.

"అన్నీ," అన్నాడాయన. "వెనకవైపు..."

"అన్నీ."

కూడలి అవతల ప్లాసీ మాస్టారు కిటికీ తెరిచాడు. ముందుభాగం చూశాడు, చెప్పులు తొడుక్కుని చుట్టూ తిరిగొచ్చి వెనకభాగం చూశాడు, నేరుగా పంచాయతీ ఆఫీసు దారి పట్టాడు.

ముందొకటి వెనకొకటి రంగు వేసిన ఇంటికి, కొత్త నిబంధన కింద, మొట్టమొదటి నోటీసు సోమవారం వెళ్లింది: పంపినది పంచాయతీ అధ్యక్షుడు, అందుకున్నదీ ఆయనే.